పగడాలు తెల్లబోతున్నాయి

పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు అనే ప్రాచీన స్థలం కలదు. 1945లో మోర్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపించి, రోము సామ్రాజ్యంతో సాగిన వర్తకపు ఆనవాళ్లను వెలికితీశారు. 'పెరిప్లస్' అనే గ్రీకు గ్రంథంలోని పొదుకే రేవు ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. పశ్చిమ దేశాల నుండి భారతదేశపు రేవులకు వచ్చిన సరకులలో ఆ గ్రంథం పగడాన్ని పేర్కొంటున్నది. రోమను స్త్రీలకు ముత్యాలపై ఎంత మోజో భారతీయులకు పగడాలపై అంత మోజు అని ప్లినీ వ్రాశాడు. మంగళసూత్రంలో ముత్యం ప్రక్కన పగడం గ్రుచ్చుకునే మన ఇళ్లలో ఈ మాట వింతగా తోచదు.

అయితే ఆ ఆభరణాల పగడం మధ్యధరా సముద్రపు మసక వెలుతురులో పెరిగేది. దానికి ఎండతో పని లేదు. ఇటీవల తెల్లబారుతున్నాయని మనం వింటున్న పగడాలు వేరు. అవి వెచ్చని, తేటయైన, లోతు తక్కువ నీటిలో సున్నపు దిబ్బలు కడతాయి. అరియాంకుప్పం నుండి తీరం వెంట దక్షిణానికి సాగిపోతే పాక్ అఖాతంలో, మన్నార్ సింధుశాఖలో అటువంటి దిబ్బలు కలవు.

పగడం రాయి వలె కనబడినా జంతువే. దిబ్బలు కట్టే పగడాల కణాలలో కంటికి ఆనని శైవలాలు కాపురముంటాయి. పగడం వాటికి నీడను, బొగ్గుపులుసు వాయువును, తన విసర్జనలోని నత్రజనిని ఇస్తుంది. అవి ఎండతో వండిన ఆహారంలో అధికభాగాన్ని పగడానికి అందిస్తాయి. దానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ దారినే రావచ్చును. రంగు కూడా చాలావరకు వాటిదే. నీరు వేడెక్కినప్పుడు ఈ వంటశాల అదుపు తప్పుతుంది. హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి కణాలను గాయపరుస్తాయి. అప్పుడు పగడం తన వంటవారినే బయటకు నెట్టివేస్తుంది. పారదర్శకమైన కండ గుండా తెల్లని సున్నపు అస్థిపంజరం బయటపడుతుంది. ఆ స్థితిలోనూ పగడం బ్రతికే ఉంటుంది, పస్తులతో. కొన్ని వారాలలో నీరు చల్లబడితే శైవలాలు మరల చేరుకోవచ్చును; లేకున్న ఆకలిచావే.

యంత్రశాలలో 1 డిగ్రీ తేడాను మేము చాలాసార్లు లెక్కలోనికే తీసుకోము. పగడానికి అదే హద్దు. ఆ చోట అత్యంత వెచ్చని నెలకుండే సగటుపై 1 డిగ్రీ పెరిగి 4 వారాలు నిలిస్తే తెల్లబారడం మొదలుకావచ్చును. 8 వారాలైతే మరణాలు. డిగ్రీలను వారాలతో హెచ్చించి కూడే ఈ పద్ధతి, బాయిలరు గొట్టాల ఆయుర్దాయాన్ని అంచనా కట్టే మా వృత్తివారికి చిరపరిచితమే. వేడి ఎంత అన్నదానితోపాటు అది ఎంతకాలం అన్నదీ చూడవలసినదే.

మన్నార్ సింధుశాఖలో 2016 వేసవి తరువాత, ప్రాణమున్న పగడాల విస్తీర్ణం సుమారు 39 శాతం నుండి 23 శాతానికి పడిపోయినట్లు తూత్తుకుడి పరిశోధకులు లెక్కగట్టారు. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం నాలుగవసారి సంభవించినట్లు 2024 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడినది. ఆ వేసవిలోనే లక్షదీవులూ దెబ్బతిన్నాయి. శైవలాలలో వేడికి ఓర్చుకునే జాతులు లేకపోలేదు. కొన్ని పగడాలు వాటిని ఆశ్రయిస్తున్నాయి కూడా. అయితే ఆ జాతులు వడ్డించే ఆహారం తక్కువ, అందుచేత పగడం పెరుగుదలా తరచు మందగిస్తుంది.