గనుల అదురు — గృహస్థుని గోడ

తిరువూరు వారికి సత్తుపల్లి దూరదేశము కాదు. 2014లో రాష్ట్రములు రెండైనను పెండ్లి పేరంటములు, బేరసారములు నేటికిని సరిహద్దును లెక్కసేయవు. ఆ పట్టణమును ఆనుకొని సింగరేణి సంస్థవారు జలగం వెంగళరావుగారి పేరిట ఓపెన్ కాస్టు బొగ్గుగనులను త్రవ్వించిరి. బ్లాస్టింగు జరిగినప్పుడెల్ల ఇండ్లు అదరి గోడలు బీటలు వారుచున్నవని పట్టణవాసులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి.

ఓపెన్ కాస్టును మేము నిందింపము. భూగర్భగనిలో పనివానికి అనుదినమును ప్రాణభయమే. 2003 జూన్ మాసమున గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. ఆకాశము క్రింద త్రవ్వు గనిలో అట్టి భయము తక్కువ. చేతికివచ్చు బొగ్గు హెచ్చు. అయితే కార్మికుని తలపైనుండి దిగిన భారములో కొంత పొరుగువాని గోడమీదికిని, బావిలోనికిని చేరినది. ఈ రెండవ పద్దును సంస్థ లెక్కలలో వ్రాయువారెవరు?

శాస్త్రజ్ఞులు ఊరకుండలేదు. రంధ్రములన్నిటిలోని మందు ఒక్కమారుగా ప్రేలినచో నేల మిక్కుటముగా అదరును. ఒకదాని వెనుక నొకటిగా, సెకనులో వేయవవంతులు కొన్ని యెడమిచ్చి ప్రేల్చినచో, అదురు మొత్తము మందునుబట్టి గాక, ఏకక్షణమున ప్రేలు మందునుబట్టియే యుండును. ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు ఈ యెడమును తప్పకుండ పాటించును. మందు పెట్టకయే బొగ్గును చెక్కితీయు సర్ఫేస్ మైనరు యంత్రములును కలవు. గనుల భద్రతా శాఖవారు 1997లోనే హద్దును నిర్ణయించిరి: గనివారివి కాని సాధారణ గృహములచెంత నేల కదలిక వేగము, అదురు సెకనుకు 8 ఆవృత్తులకు లోబడినప్పుడు 5 మిల్లీమీటర్లను, 25 ఆవృత్తులు దాటినప్పుడు 15 మిల్లీమీటర్లను మించరాదు. మెల్లని యూపు ఇంటి సహజమగు ఊపుతో కలిసి గోడకు ఎక్కువ చేటు చేయును గనుక మొదటి హద్దు అంత బిగువు.

కొలుచు యంత్రమున్నది, హద్దున్నది. ఆ అంకె బీరువాలో నున్నచో గృహస్థునకు ప్రయోజనమేమి? బ్లాస్టింగు నాటి అంకె ఆ సాయంకాలమే పురపాలక కార్యాలయపు బోర్డుపై తెలుగున వ్రాయబడవలెను. హద్దులోనున్నచో సంస్థపై అపవాదు తొలగును. దాటినచో నష్టపరిహారమునకు సాక్ష్యము దొరకును. సంస్థవారికి దీనివలన అయ్యెడు వ్యయము సుద్దముక్క వెల!

ఈ గొడవ మనకేల అను వారును కలరు. చింతలపూడి ప్రాంతమున భూమి లోతున బొగ్గు కలదని భూగర్భ సర్వే శాఖవారు బోరులు వేసి కనుగొనియున్నారు. లోతు బొగ్గు గనుక అచట బ్లాస్టింగు అదురుకంటె నేల క్రుంగుటయు, బావులు ఇంకుటయు ముఖ్యప్రశ్నలు కావచ్చును. గని తెరచిన పిమ్మట, బావిలో మునుపు ఎన్ని మట్టుల నీరుండెనని తగవులాడినచో రైతునకు సాక్షి యెవడు? కావున ఏ కంపెనీకైనను గని అనుమతి నిచ్చుటకు మునుపే ప్రతి బావి నీటిమట్టమును, ప్రతి ఇంటి గోడను, చేని వాలును ప్రభుత్వోద్యోగులు రైతు సమక్షమున కొలిచి, ఫోటోలతో వ్రాసి, అందొక ప్రతిని అతని చేతికీయవలెను.