వాట్లు చూసి బల్బు కొంటే వేదిక వెలగదు

కాలేజీ వార్షికోత్సవమో, నవమి పందిట్లో నాటకమో, పరిషత్తు పోటీలో... ఎప్పుడో ఒకసారి ‘లైటింగ్ సంగతి నువ్వు చూసుకో, నువ్వెలాగూ ఇంజినీరింగే కదా’ అనే మాట మీకూ వినపడే ఉంటుంది. సరేనని స్టోర్‌రూమ్ తెరిస్తే పాత పార్ క్యాన్లు నాలుగు, ఫ్రెనెల్ లైట్లు రెండు. వాటిలో సగం వెలగవు. మాడిపోయిన బల్బు పట్టుకుని షాపుకెళ్లి ‘వెయ్యి వాట్లది ఇవ్వండి’ అంటారు. తంటా అంతా ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

వెయ్యి వాట్ల స్టేజీ బల్బులు ఒక రకం కాదు, చాలా రకాలు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పట్టినా సరిగ్గా వెలగదు. వెలిగినా నాలుగు ప్రదర్శనలకే పోతుంది. ఒక్కో బల్బుకు వేలల్లో పెట్టాల్సి వస్తే చిన్న నాటక సమాజానికి అది చిన్న నష్టం కాదు. అందుకే ఈ వారం ఉద్యోగ ప్రకటనల సంగతి పక్కనపెట్టి, స్టేజీ లైటుకు సరైన బల్బు ఎలా ఎంచుకోవాలో మాట్లాడుకుందాం. ఇది కూడా ఒక నైపుణ్యమే. నేర్చుకుంటే కూడు పెడుతుంది.

మన ప్రాంతానికి ఈ సంగతి మరీ ముఖ్యం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామ వంటి స్త్రీ పాత్రలతో రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. నటుడు కంటి చూపుతో, పెదవి విరుపుతో చెప్పే మాట ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకూ అందాలి. అది అందించేది వెలుగే. అలాంటి గడ్డ మీద, బల్బు తప్పు పడినందుకు నటుడి ముఖం సగం చీకట్లో ఉండిపోతే మనకే నామోషీ.

ముందు పాత బల్బును చదవండి

మాడిన బల్బును చెత్తబుట్టలో వేయకండి. దాని మీద సన్నటి అక్షరాల్లో అన్నీ రాసి ఉంటాయి. చూడాల్సినవి నాలుగు: కోడ్, బేస్, వోల్టేజీ, వాట్లు. వాట్లు ఆఖరున ఉన్నాయని గమనించారా? నిజానికి ప్రాధాన్యం కూడా అదే వరసలో.

కోడ్‌తో మొదలెడదాం. ‘సీపీ 62’, ‘సీపీ 70’, ‘టీ 19’ లాంటి పేర్లు కంపెనీలవి కావు. ఏ కంపెనీ చేసినా పాటించే ప్రామాణిక గుర్తులు. ‘సీపీ’ అంటే కలర్ ఫొటోగ్రఫీ, ‘టీ’ అంటే థియేటర్. సీపీ రకం తెల్లగా, సుమారు 3200 కెల్విన్ల రంగుతో వెలుగుతుంది. టీ రకం సుమారు 3000 కెల్విన్లతో, కాస్త పసుపుగా ఉంటుంది. తేడా రంగులోనే కాదు, ఆయుష్షులోనూ ఉంది. వెయ్యి వాట్ల సీపీ 70కి కంపెనీలు చెప్పే ఆయుష్షు 200 నుంచి 250 గంటలు. అదే బేస్‌తో వచ్చే టీ 19కి 750 గంటలు. ప్రదర్శనకు నాలుగు గంటల చొప్పున లెక్కేస్తే మొదటిది 50, 60 ప్రదర్శనలు వస్తుంది, రెండోది 180కి పైనే. కెమెరాల ముందు రికార్డింగ్ లేకపోతే, రాత్రిపూట నాటకం ఆడే సమాజానికి టీ 19 చాలు. ఒక మాట గుర్తుంచుకోండి. ఎడమవైపు సీపీ, కుడివైపు టీ వేస్తే ఒకే నటుడి ముఖం రెండు రంగుల్లో కనిపిస్తుంది. మారిస్తే జంటగా మార్చండి.

తర్వాత బేస్. జీఎక్స్ 9.5 అంటే రెండు పిన్నుల మధ్య దూరం 9.5 మిల్లీమీటర్లని అర్థం. జీవై 9.5కీ అంతే దూరం. అలాగని ఒకటి ఇంకోదాన్లో పట్టదు, పిన్నులూ దిమ్మె కొలతలూ వేరు. సీపీ 70, సీపీ 71 రెండూ వెయ్యి వాట్లే. పేర్లలో ఒక్క అంకె తేడా. కానీ మొదటిది జీఎక్స్ 9.5 బేస్, రెండోది జీ 22. ఫిలమెంటు ఎత్తు కూడా ఒకదాంట్లో 55 మిల్లీమీటర్లు, మరోదాంట్లో 63.5. ఆ ఎనిమిదిన్నర మిల్లీమీటర్లతో ఏమవుతుంది అనుకోకండి. లైటు వెనకున్న అద్దం, ముందున్న లెన్సు ఫిలమెంటు ఒక నిర్దిష్ట బిందువు దగ్గర ఉంటుందన్న లెక్కతో అమర్చినవి. హోల్డర్ మార్చి ఎలాగో ఇరికించినా వెలుగు మధ్యలో మచ్చపడుతుంది, అంచులు చెదురుతాయి.

పార్ క్యాన్ కథ వేరు

మన కల్యాణ మండపాల్లో, పరిషత్తు వేదికల మీద ఎక్కువగా కనిపించే హాలోజన్ లైటు పార్ 64. ఆ 64 అంటే ముఖం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో. అంటే ఎనిమిది అంగుళాలు. ఇందులో బల్బు, అద్దం, లెన్సు అన్నీ కలిపి ఒకే ముద్దగా వస్తాయి కాబట్టి ఏ లెన్సుది కొంటే ఆ వెలుగే వస్తుంది. సీపీ 60 బాగా సన్నటి కిరణం, సీపీ 61 కొంచెం వెడల్పు, సీపీ 62 ఇంకా వెడల్పు. మూడూ వెయ్యి వాట్లే. బేస్ కూడా ఒకటే, జీఎక్స్ 16డీ. ఆయుష్షు సుమారు 300 గంటలు.

‘ఎక్కువ వెలుగు కావాలి’ అనగానే చాలామంది చేతికి సీపీ 60 వస్తుంది. దూరంగా, పెద్ద మైదానంలో కడితే అది మంచిదే. కానీ పదిహేను, ఇరవై అడుగుల దూరం నుంచి వేదిక మీద వేస్తే నటుడి ఛాతీ మీద తెల్లటి చుక్క, పక్కన చీకటి. చిన్న వేదికకు సీపీ 62 తీసుకోండి. దాని వెలుగు కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. క్యాన్ వెనక చెయ్యి పెట్టి బల్బును తిప్పితే ఆ గుడ్డు అడ్డంగానో నిలువుగానో తిరుగుతుంది. ముందు కరెంటు ఆపి, చల్లారాకే సుమా!

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. పార్ 56 పేరుతో ఈత కొలనులకు వాడే 300 వాట్ల దీపాలు దొరుకుతాయి. చూడ్డానికి స్టేజీ దీపంలాగే ఉంటాయి, కానీ అవి 12 వోల్టులవి. 230 వోల్టులిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే అమెరికా రకాలతోనూ ఇదే చిక్కు, అవి 120 వోల్టులవి. ఫొటో చూసి కాదు, వోల్టేజీ చదివాకే ఆర్డర్ పెట్టండి.

బల్బులు ఊరికే ఎందుకు పోతున్నాయి?

‘మొన్నే వేశాం, అప్పుడే పోయింది’ అనేది ఎప్పుడూ వినే ఫిర్యాదే. తప్పు ప్రతిసారీ బల్బుది కాదు. వోల్టేజీ అయిదు శాతం పెరిగితే ఫిలమెంటు బల్బు వెలుగు దాదాపు 18 శాతం పెరుగుతుంది, ఆయుష్షు మాత్రం సగానికి పడిపోతుంది. 230 వోల్టుల బల్బుకు అయిదు శాతమంటే 241.5. అర్ధరాత్రి దాటి ఊళ్లో వాడకం తగ్గాక సరఫరా ఆ అంకె దాటడం మామూలే. పద్య నాటకం రంజుగా సాగేదీ ఆ వేళకే. అందుకే 240 వోల్టులని రాసిన బల్బు దొరికితే అదే తీసుకోండి. డిమ్మర్ ఉంటే ఫుల్‌కి తోయకుండా కాస్త దిగువన ఆపండి. కళ్లకు తేడా పెద్దగా తెలీదు, డబ్బుల్లో తెలుస్తుంది.

రెండో కారణం హోల్డర్. లోపల పిన్ను పట్టే చోట నల్లగా మాడి, వదులై ఉంటే కొత్త బల్బు పిన్నులూ మాడతాయి. అలా మాడిన బల్బును మంచి హోల్డర్‌లో పెడితే అదీ పాడవుతుంది. అంటురోగం లాంటిదన్నమాట. బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు గాలికి ఇనుము, రాగి త్వరగా తుప్పుపడతాయి. ఏడాదికోసారి వాడే లైట్లలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి బల్బు మార్చేముందు హోల్డర్ చూడండి, అవసరమైతే రెండూ మార్చండి.

మూడోది మన చేతివేళ్లు. హాలోజన్ బల్బు గాజును ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం మీది నూనె, ఉప్పు అంటుకుని, ఆ వేడికి గాజు అక్కడ బలహీనపడుతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచాకే వెలిగించండి.

వాట్ల లెక్క ఇప్పుడు చూద్దాం. 650 వాట్ల లైటులో వెయ్యి వాట్లది పెడితే వెలుగు కాదు, పొగ వస్తుంది. వైరింగు కూడా ముఖ్యమే. వెయ్యి వాట్ల లైటు ఒకటి 230 వోల్టుల దగ్గర సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడు లైట్లు సరి, నాలుగోది పెడితే 17 దాటుతుంది. కింద పట్టాలు, వెనక గుడ్డ తెరలు, పైన తాటాకు పందిరి... ఈ లెక్క తప్పితే పోయేది ఫ్యూజు ఒక్కటే కాదు. ప్రతి లైటుకూ ముందు జాలీ, పైన సేఫ్టీ చైన్ ఉండాల్సిందే.

అన్నీ తీసేసి ఎల్‌ఈడీ పెట్టేస్తే పోలా?

చాలామంది నిర్వాహకులు అడిగే ప్రశ్న ఇది. లాభాలు నిజమే. ఆరు వెయ్యి వాట్ల లైట్లు నాలుగు గంటలు వెలిగితే 24 యూనిట్లు. వాటి బదులు 150 వాట్ల ఎల్‌ఈడీలు ఆరు పెడితే నాలుగు యూనిట్లు కూడా కాదు. జనరేటర్ మీద నడిచే పల్లెటూరి ప్రదర్శనకు ఇది పెద్ద ఊరట. వేడి తక్కువ, రంగు కాగితాల ఖర్చు లేదు.

కానీ మార్కెట్లో చవగ్గా దొరికే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీ పార్‌లు వేరు, ముఖానికి వేసే తెల్లని ఎల్‌ఈడీలు వేరు. మూడు రంగులు కలిపి తెచ్చిన తెలుపులో మొహానికి రాసిన రంగు పాలిపోతుంది, కిరీటం బంగారు వన్నె చచ్చిపోతుంది. వెనక తెరకు, డ్యాన్సులకు అవి బాగుంటాయి. నటుడి ముఖానికి మాత్రం సీఆర్‌ఐ 90 పైన ఉన్న వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ కావాలి, లేదా పాత హాలోజనే కావాలి. ఇంకో జాగ్రత్త: ఎల్‌ఈడీ లైటును డిమ్మర్ చానల్‌కు తగిలించకండి. దానికి నేరుగా కరెంటు ఇచ్చి, వెలుగు తగ్గించడం డీఎంఎక్స్ ద్వారా చేయాలి. డిమ్మర్ మీద పెడితే మిణుకుమిణుకుమంటుంది, లోపలి సర్క్యూటూ దెబ్బతింటుంది.

ఈ తర్జనభర్జన మన ఒక్కళ్లదే కాదు. యూరప్‌లో బల్బుల సామర్థ్య నియమాలు బిగించబోతే 2018లో అక్కడి థియేటర్లవాళ్లు ‘సేవ్ స్టేజ్ లైటింగ్’ అంటూ ఉద్యమించారు. 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన నియమాల్లో వేదికలకు వాడే అనేక రకాల బేస్‌లకు మినహాయింపు సాధించుకున్నారు. నా మాట కూడా అదే: పనిచేసే లైటును తుక్కుకి వేయకండి. ముఖానికి పాతవి, తెరకు కొత్తవి. డబ్బు కూడేకొద్దీ మంచి ఎల్‌ఈడీ ఒక్కొక్కటి కొనుక్కోండి.

ఇందులో మీకేముంది?

ఉపాధి ఉంది. డీఎంఎక్స్ 512 అనే నియంత్రణ పద్ధతి 1986 నుంచి ఉంది. ఒక లైనులో 512 చానళ్లు. అరడజను లైట్లకు అడ్రస్‌లిచ్చి నడపడం ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి ఒక వారం పని. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు వైరింగు ఎలాగూ వచ్చు. ఈ రెండూ కలిసి, బల్బు కోడ్ చదవడం వచ్చిన మనిషికి పెళ్లిళ్లు, సభలు, టీవీ స్టూడియోలు, నాటకాలు అన్నిచోట్లా పనుంటుంది. ఇంకా లోతుగా చదవాలనుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలున్నాయి, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. 1959లో కోల్‌కతాలో ‘అంగార్’ నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్లు ముంచెత్తే దృశ్యాన్ని తాపస్ సేన్ వెలుగుతోనే సృష్టించారు. లైటింగ్ మనిషి పేరు చెప్పుకుని జనం నాటకానికి వచ్చారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లకు, అమ్మాయిలకు నాదొక సూచన. ఈ సెలవుల్లో మీ కాలేజీ ఆడిటోరియంలోనో, మీ ఊరి కళా సమాజం గదిలోనో ఉన్న లైట్లన్నీ కిందికి దించండి. ప్లగ్గు పీకి, ఒక్కోదాని బేస్, వోల్టేజీ, గరిష్ఠ వాట్లు, సరిపోయే బల్బు కోడ్ ఒక నోటుబుక్కులో రాయండి. అవే వివరాలు పెయింటుతో లైటు వెనక కూడా రాయండి. ఖర్చు ఒక డబ్బా రంగు, ఒక ఆదివారం. తర్వాత ఎవరు షాపుకెళ్లినా ‘వెయ్యి వాట్లది ఇవ్వండి’ అనరు. ‘టీ 19, జీఎక్స్ 9.5, 240 వోల్టులు, రెండు ఇవ్వండి’ అంటారు. షాపువాడు కూడా మిమ్మల్ని వేరుగా చూస్తాడు.