మైకు పాపం గొంతుకు అంటగట్టకండి

పద్యనాటకం మొదలై అరగంట కాకముందే తీర్పులు వచ్చేస్తాయి. "దుర్యోధనుడిది కంచు కంఠమండీ, కృష్ణుడిదే పీలగా ఉంది" అంటారు. రెండు స్టాండ్లకూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ మైకులున్నాయి కాబట్టి తేడా అంతా నటుడిదేనని తేల్చేస్తారు. ఏలూరు, తాడేపల్లిగూడెం వేదికల నుంచి కొల్లేటి లంకల్లో శ్రీరామనవమి పందిళ్ల దాకా ఈ నమ్మకమే చలామణీ అవుతోంది. ఇది తప్పు. పైగా కళాకారుడికి అన్యాయం.

ఒక మోడల్ మైకులన్నీ ఒకటే అయితే, రోడ్ కంపెనీ ఎన్‌టీ5 మైకులను కొలిచి, ఎంచి, జతకట్టి అమ్మడం దేనికి? మామూలు డైనమిక్ మైకులో పల్చటి ప్లాస్టిక్ పొరకు సన్నటి తీగచుట్ట అంటించి, అయస్కాంతం మధ్య వేలాడదీస్తారు. ఆ పొర బిగువులో, అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పలుకు మారుతుంది. మంచి కంపెనీలు ఈ తేడాను బాగా తగ్గించాయి, కాదనను. కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడు రెండూ దాదాపు ఒకలాగే పలకవచ్చు. కానీ మన వేదికల మీదున్నవి పెట్టెలోంచి ఇప్పుడే తీసినవి కావు.

పదేళ్లుగా పదిమంది నోటి తుంపర తాగిన స్పాంజి జాలీ వెనక గట్టిపడితే సన్నటి స్వరాలు మందగిస్తాయి. అయస్కాంతం ఇనుపరజనును లాక్కుంటుంది, అది పొర దగ్గర చేరితే గొంతు బొంగురుపోతుంది. కొల్లేటి చెమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. కండెన్సర్ మైకు పొరకు తేమ పడితే చిటపటలు మొదలవుతాయి. పాతకాలపు క్రిస్టల్ మైకుల్లో వాడిన రోషెల్ లవణానికైతే చెమ్మా పడదు, ఎండా పడదు. 55 డిగ్రీలు దాటితే ఆ స్ఫటికం పాడైపోతుంది.

ఇక వాడే తీరు. నోటికీ మైకుకూ దూరం రెట్టింపైతే అందే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది. పెదవులకు ఆనించి పాడితే గొంతుకు లేని బరువు వస్తుంది, జానెడు దూరం జరిగితే ఆ బరువు పోతుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 లాంటి మైకు ఎదుటి గొంతునే ఎక్కువగా పట్టుకోవడానికి జాలీ లోపల, పొర వెనకవైపున్న దారులే కారణం. జాలీని గుప్పిట్లో మూస్తే ఆ గుణం చెడుతుంది, గొంతు ముద్దవుతుంది, బాక్సులు కూత పెడతాయి. యాంప్లిఫైయర్ మీద ఒక మైకుకు బాస్ ఎక్కువ, మరోదానికి ట్రెబుల్ ఎక్కువ తిప్పి ఉంటే చెప్పేదేముంది!

"ఒకటి డూప్లికేటై ఉంటుంది" అని మైకుసెట్టు కుర్రాడి మీద విరుచుకుపడేవాళ్లదీ ఇదే పొరపాటు. నకిలీలు లేకపోలేదు. అయితే అసలైన రెండు మైకులు కూడా వేరుగా పలకగలవని ఒప్పుకోకపోతే, నిజాయితీపరుడు దొంగవుతాడు. చెవి కూడా మోసపోతుంది: కాస్త గట్టిగా వినిపించినదే మేలైనదనిపిస్తుంది.

నాటక పోటీల నిర్వాహకులకు నా విన్నపం ఇది. తెర లేవకముందు మైకుసెట్టు వాళ్లకు అరగంట వ్యవధి ఇవ్వండి. ఒకే మనిషి, ఒకే దూరంలో, ఒకే పద్యాన్ని అన్ని మైకుల్లో పాడి చూడాలి. బాస్, ట్రెబుల్ సమానంగా పెట్టి, శబ్దమూ సమానం చేయాలి. తేడా ఉంటే మైకులను ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. తేడా మైకు వెంట నడిస్తే లోపం మైకుది, ఉన్నచోటే ఉంటే వైరుదో యాంప్లిఫైయర్‌దో. జాలీలు విప్పి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించండి. న్యాయనిర్ణేతలు ఈ పరీక్ష జరిగిందని తెలిశాకే మార్కులు వేయాలి.

గొంతు కోసం నటుడు ఏళ్ల తరబడి సాధన చేస్తాడు. కడగని స్పాంజి ముక్కను బట్టి ఆ సాధనకు మార్కులు వేసే హక్కు ఎవరికీ లేదు.