వాయిదా కూడా తీర్పే

సుప్రీంకోర్టు రాజకీయాలకు అతీతమన్న మాట మన టీవీ చర్చల్లో మంత్రంలా వినిపిస్తుంది. నచ్చని తీర్పు వచ్చిన రోజున అవే నోళ్లు జడ్జీలు రాజకీయం చేస్తున్నారంటాయి. పార్టీలకు దూరంగా ఉండమనడం వేరు. పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేయగల సంస్థకు రాజకీయం అంటకుండా ఎలా ఉంటుంది?

రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావునే తీసుకోండి. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని 1967 ఫిబ్రవరిలో, గోలక్‌నాథ్ కేసులో, ఆయన ధర్మాసనం 6-5తో తేల్చింది. రెండు నెలలు తిరక్కుండానే ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. ఆ పోటీ నాకూ నచ్చదు. కానీ దేశాన్ని కుదిపింది అది కాదు, భూసంస్కరణల మెడ మీద కత్తి పెట్టిన ఆ తీర్పు.

జోక్యం చేసుకోకపోవడమే నిగ్రహమనేవాళ్లు 1976 నాటి హెబియస్ కార్పస్ కేసు చూడాలి. నలుగురు జడ్జీలు నిగ్రహం పాటించారు, ఎమర్జెన్సీ ఖైదీలు జైళ్లలోనే ఉండిపోయారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే.

తీర్పు కళ్లెదుట ఉంటుంది, తిట్టుకోవచ్చు. వాయిదాలనే ఎవరూ పట్టించుకోరు. ఎన్నికల బాండ్ల మీద పిటిషన్లు 2017లోనే పడ్డాయి. 2021లో స్టే అడిగితే ఇవ్వలేదు. పథకం చెల్లదని అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పింది 2024 ఫిబ్రవరి 15న. ఈలోపు ఒక లోక్‌సభ ఎన్నిక అయిపోయింది, 16,000 కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడుపోయాయి. చరిత్రాత్మక తీర్పని పొగిడాం, సరే. ఆ జాప్యం ఎవరికి కలిసొచ్చిందో అడిగామా? నోట్ల రద్దు 2016లో, తీర్పు 2023లో. అది చట్టవిరుద్ధమన్న జస్టిస్ నాగరత్న మాటే నెగ్గినా ఎవరి పాత నోటూ చెల్లేది కాదు.

ఏ కేసు ఏ బెంచికి వెళ్లాలో, ఎప్పుడు వినాలో ప్రధాన న్యాయమూర్తి చేతిలో ఉంటుంది. 2018 జనవరిలో జస్టిస్ చలమేశ్వర్ ఇంటి ముందు నలుగురు సీనియర్ జడ్జీలు విలేకరులను పిలిచి మొరపెట్టుకున్నది ఈ కేటాయింపుల గురించే. కోర్టు రాజకీయాన్ని చూడాలంటే తీర్పు ప్రతికన్నా ముందు విచారణ జాబితా చూడాలి. ఫిరాయింపు ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో తెలంగాణ స్పీకర్‌కు గడువు పెట్టిన సుప్రీంకోర్టు, తన ముందున్న రాజ్యాంగ కేసులకు అలాంటి గడువేదీ పెట్టుకోలేదు.