పైన విహారపు కట్ట, కింద మన ఇళ్ళు

జూజువాడి నుండి కృష్ణగిరి దాకా ఫాంహౌసులు, రిసార్టులు పెరుగుతున్నాయి. పడవ షికారుకో, చేపలకో వాగుకు అడ్డంగా సొంత కట్ట వేస్తే, దాని భద్రత చూసేదెవరు?

అమెరికాలో జాన్స్‌టౌన్ ఊరి పైన ధనికుల క్లబ్బుకు అలాంటి చెరువే ఉండేది. పాత యజమాని తీసేసిన తూము గొట్టాలను క్లబ్బు మళ్ళీ పెట్టలేదు. బండ్ల దారికోసం కట్ట ఎత్తు తగ్గించింది. చేపలు పోకుండా మరవకు జల్లెడ కట్టింది. 1889 మే 31న పెద్దవానకు జల్లెడలో చెత్త అడ్డుపడి, నీళ్ళు కట్టమీద పొర్లి, కట్ట తెగింది. 2,200 మందికి పైగా చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావా ఒక్కటీ గెలవలేదు.

మన 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికి, 10-15 మీటర్ల మధ్య కొన్నింటికి మాత్రమే వర్తిస్తుంది. చిన్న కట్టలు దాని కిందికి రావు. 2017 నవంబరులో కృష్ణగిరి డ్యాముకే ఒక షట్టరు విరిగింది. ఇంజనీర్లు ఉన్నచోటే అట్లయితే, వాచ్‌మన్ ఒక్కడే ఉన్నచోట ఏం గతి?

మేము చెప్పేది ఒకటే. పల్లెల్లో మే 1 గ్రామసభలో, హోసూరులో కౌన్సిలరు దగ్గర, వానలకు ముందే రాసిచ్చి అడుగుదాం: మరవ చాలినంత ఉందా? తూము తెరుచుకుంటుందా? కట్ట తెగితే నీళ్ళు ఎవరి ఇంటిమీదికి వస్తాయి?