కొల్లేరు ఎవరి విహారానికి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటల్లో జనం మేడల మీద కూర్చుని మంచినీళ్ళ కోసం ఎదురుచూశారు. ఈ బుడమేరు అసలు ఎక్కడికి పోవాలి అని చాలామంది అప్పుడే మొదటిసారి అడిగారు. కొల్లేటికి పోవాలి. తమ్మిలేరు, రామిలేరు కూడా అక్కడికే చేరతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు వరదను కొన్నాళ్ళు కడుపులో దాచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. వచ్చే ఏరులు ఎన్నో, పోయే దారి ఒక్కటే. ఆ దారిలో గుర్రపుడెక్క పేరుకున్నా, సరస్సు కడుపులో గట్లు లేచినా నీళ్ళు వెనక్కి తంతాయి. లంక గ్రామాల వాళ్ళకి ఇది ఇంజనీర్లు చెప్పాల్సిన సంగతి కాదు. ఆ సెప్టెంబరులోనే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకూ నీళ్ళొచ్చాయి. అయితే టీవీ కెమెరాలు మాత్రం విజయవాడ దాటలేదు.

గట్లు ఎలా లేచాయి? 1976లో ప్రభుత్వమే మత్స్యకారుల, దళితుల సొసైటీలకు చేపల చెరువులు తవ్వి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చెరువుకి పెట్టుబడి కావాలి, మేత కావాలి, మార్కెట్టు కావాలి. అవి ఉన్నవాళ్ళు లీజుల పేరుతో దిగారు. పేదవాళ్ళ పేర్లు కాగితాల మీద మిగిలాయి, చేపలు లారీలెక్కి కలకత్తా వెళ్ళిపోయాయి. సొసైటీ సభ్యుల జాబితా తీసి చూడండి, ఆడవాళ్ళ పేర్లు ఎన్ని దొరుకుతాయో! కుటుంబానికి పెద్ద అంటే మగవాడే అని రాసుకునే అలవాటు మన రెవెన్యూ ఆఫీసుల్లో ఎక్కడైనా ఉన్నదే.

1999లో అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ జాబితాలోకి ఎక్కింది. 2005–06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు. సరస్సు కోసం అది అవసరమే, నేను కాదనను. అయితే గట్టు తెగినప్పుడు లీజుదారుకి పోయింది పెట్టుబడి. వలలు లాగిన కూలీకి, చేపలు ఏరి బుట్టలకెత్తిన ఆడమనిషికి పోయింది రోజు గడవడం. నష్టాన్ని పట్టా చూసి లెక్కగట్టే చోట పట్టా లేని మనిషి లెక్కలోకే రాదు. చెరువుల కంటే ముందు కొల్లేరు నుంచి ఆమెకు గడ్డి వచ్చేది, కిక్కిస వచ్చేది, కూరలోకి చిన్నచేప వచ్చేది. అవి చెరువులొచ్చి పోయాయి. చెరువులు పోయినా తిరిగి రాలేదు, ఎందుకంటే ఇప్పుడది అభయారణ్యం. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అయిదే ఉండాలంది. మూడా, అయిదా అన్న ఆ వాదం అంతా భూమి గురించే నడిచింది. భూమి లేనివాళ్ళ గురించి ఎవరు వాదించారు?

ఇప్పుడు పర్యాటకం మాట వినిపిస్తోంది. ఆటపాకలో గూడబాతుల్ని చూడడానికి పడవలున్నాయి. పడవ షికారు మీద నాకు కోపం లేదు. నిజానికి మన ఆడవాళ్ళకి తీరిగ్గా ఒక పూట నీళ్ళ మీద కూర్చునే హక్కు ఎవరిచ్చారు గనక! పుణ్యక్షేత్రమో పెళ్ళో ఉంటే తప్ప గడప దాటడానికి కారణం దొరకదు. కాబట్టి విహారం అనవసరం అని నేననను. అది ఎవరి కష్టం మీద, ఎవరి నీళ్ళ మీద అన్నదే నా ప్రశ్న. నీటిని ఆపే గట్ల మీద రిసార్టులు కడితే అవి చేపల చెరువులకి తమ్ముళ్ళే. పక్షులకి భయం లేని దూరంలో, సరస్సు బయట మెట్ట మీద గదులు, లోపల తెడ్డు పడవలు ఉంటే చాలు. టిక్కెట్టు సొమ్ములో ఊరికి వాటా ఉండాలి. లంక ఆడవాళ్ళని ఊడ్చే పనికి మాత్రమే పిలిచి దాన్ని ఉపాధి అనకూడదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. వన్యప్రాణి చట్టం 24వ సెక్షన్ కింద, అభయారణ్యంలో ఉన్న హక్కును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ని సంప్రదించి కొనసాగనిచ్చే వీలు కలెక్టరుకి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకీ వర్తిస్తుంది, చేపల వంటి జలవనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కుని గుర్తిస్తుంది. వ్యక్తిగత పట్టా అయితే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంటుంది. గిరిజనేతరులు మూడు తరాల నివాసం రుజువు చేయాలన్న షరతు గట్టిదే. ఎవరికి వర్తిస్తుందో ఊరూరా తేలాలి. తేల్చే పని మొదలయ్యేది గ్రామసభలో. హక్కుల కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలని నిబంధన ఉంది.

ఏలూరు, కృష్ణా జిల్లాల్లో పనిచేస్తున్న మన సంఘాలు వచ్చే వర్షాకాలానికి ముందే ఒక పని చేయవచ్చు. లంక గ్రామాల్లో ఒక్కో ఇంటికీ వెళ్ళి, ఆ ఇంటి ఆడవాళ్ళు కొల్లేటి నుంచి ఏం తెచ్చుకునేవాళ్ళో, ఏ నెలలో, ఏ దారిన వెళ్ళేవాళ్ళో రాసుకోవాలి. పెద్దవయసు వాళ్ళున్న ఇళ్ళతో మొదలుపెడదాం. వాళ్ళు పోతే ఆ సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు.