‘లీన్‌’ పాఠం.. కుట్టుమిషన్‌ దాకా చేరేనా?

వరంగల్‌: ఆజంజాహి మిల్లు సైరన్‌ మూగబోయిన చాలా ఏళ్లకు ఓరుగల్లులో మళ్లీ జౌళి పరిశ్రమ ఊసు వినిపిస్తోంది. 1934లో నిజాం పాలనలో వెలసిన ఆ మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి మూతపడింది. 2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. కిటెక్స్‌, యంగ్‌వన్‌ వంటి సంస్థలు ముందుకొచ్చాయి. ఎన్ని కొలువులు వస్తాయన్న దానిపై జరిగినంత చర్చ, చేరినవారికి తొలి రోజుల్లో ఏం నేర్పాలన్న దానిపై జరగలేదు.

పరిశ్రమల్లో నేడు తొలి పాఠం ‘లీన్‌’. వృథాను తొలగిస్తూ ఉత్పత్తి చేయడం దీని సారం. జపాన్‌లోని టయోటా కర్మాగారంలో తైచి ఓనో తీర్చిదిద్దిన ఈ విధానానికి 1988లో అమెరికా పరిశోధకుడు జాన్‌ క్రాఫ్‌చిక్‌ ఆ పేరు పెట్టారు. బక్కపలచన అని అర్థం. మనుషులను తగ్గించడమే కాబోలని కార్మికులు అనుమానిస్తే తప్పు వారిది కాదు.

నిజానికి మొదటి మెట్టు ఎంతో సాదా. అక్కరలేనివి ఏరివేయాలి, ఉన్న ప్రతి వస్తువుకూ చోటు కేటాయించాలి, శుభ్రం చేయాలి, అదే పద్ధతిని అందరూ పాటించాలి, దాన్ని అలవాటుగా నిలుపుకోవాలి. చీకట్లోనూ ఉప్పు డబ్బాపై చేయి వేయగల ఇల్లాలికి ఇదేమీ కొత్త విద్య కాదు.

పది నిమిషాల లెక్క

దుస్తుల పరిశ్రమలో కత్తిరించిన బట్ట కట్టలుగా ఒక మిషన్‌ నుంచి మరోదానికి సాగుతుంది. కాలరు కుట్టేచోట కట్టలు గుట్టపడి, తర్వాతి మిషన్‌ ఖాళీగా ఉంటే అది వృథా. కుట్టులో లోపం చివరి తనిఖీలో గానీ బయటపడకపోతే ఆ కట్టంతా విప్పి మళ్లీ కుట్టాలి. యాభై మంది ఉన్న లైనులో ఒక్కొక్కరు దారం, బాబిన్‌ వెతకడానికి షిఫ్టులో పది నిమిషాలు వెచ్చించారనుకుందాం. మొత్తం 500 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టు 480 నిమిషాలే. అంటే ఒకరి రోజు పనికి మించిన కాలం వెతుకులాటకే పోయింది.

చిక్కంతా ఇక్కడే. ఆ కాలం మిగిలితే కార్మికురాలికి ఊపిరి సలుపుతుందా, టార్గెట్‌ పెరుగుతుందా, లేక ఒక కొలువు ఊడుతుందా? మూడోదే జరుగుతుందని తెలిస్తే లోపాన్ని చూపడానికి ఎవరూ నోరు విప్పరు. టయోటాకు ఇది అనుభవమే. 1950లో ఉద్యోగాల కోతపై సమ్మె చెలరేగి అధ్యక్షుడు కిచిరో టయోడా రాజీనామా చేశారు. 1962లో యాజమాన్యం, కార్మిక సంఘం పరస్పర విశ్వాసంపై ఉమ్మడి ప్రకటన చేశాయి. శిక్షణ సామగ్రిని దిగుమతి చేసుకునేవారు ఈ అధ్యాయాన్ని తరచూ వదిలేస్తారు.

కార్మికులే కూర్చుని సమస్యను విప్పే పద్ధతి మనకు కొత్త కాదు. దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో హైదరాబాద్‌ రామచంద్రాపురం భెల్‌లోనే మొదలయ్యాయి.

చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2023 మార్చిలో కొత్త రూపంలో లీన్‌ పథకాన్ని ప్రారంభించింది. ఉద్యమ్‌ నమోదున్న యూనిట్లకే అది వర్తిస్తుంది. పార్కులోని పెద్ద సంస్థల్లో మాత్రం శిక్షణ తీరు యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. అందుకే చేరే ముందే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. శిక్షణ తెలుగులో ఉంటుందా? ఆ గంటలకు వేతనం ఇస్తారా? సూపర్‌వైజర్లకేనా, లైనులో కూర్చునేవారికీనా? సూచన చేసినందుకు ఎవరి పనీ పోదని రాతపూర్వకంగా చెబుతారా?